పుట్టింట్లో రాని తుమ్ము

వాకిలి ఊడుస్తూ సువర్ణ ఒక్క తుమ్ము తుమ్మిందంటే చాలు, వ్యాను ఎక్కబోతున్న బెన్నీ అక్కడే ఆగిపోతాడు. శకునాలు నమ్మకూడదని ఆదివారం చర్చిలో బుద్ధిగా తలూపి వచ్చిన మొగుడే, సోమవారం పెళ్ళాం తుమ్మిందని వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగుతాడు. ఆ నీళ్ళు కూడా తుమ్మిన మనిషే తెచ్చివ్వాలి.

"సరిగ్గా నేను బయల్దేరేటప్పుడే వస్తాయేంటే నీకు?" అంటాడు. ఆ వేళ టైరు పంచరైనా, కొబ్బరికాయల బేరం తప్పిపోయినా తుమ్ముదే తప్పు. ఈ పంచాయితీ జరిగినంతసేపూ వ్యాను ఇంజను మోగుతూనే ఉంటుంది. అది పాత డీజిలు బండి, వేడెక్కితే గాని కదలదు. ఆ నల్లటి పొగ కొబ్బరిచెట్ల కింద కమ్ముకుని ఉండగానే రాలిన పూతంతా ఊడ్చి, వంట చేసి, క్యారేజీలు కట్టి, బండారులంక నుంచి అమలాపురం బస్సెక్కి, స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పాలి సువర్ణ.

కొబ్బరిపూత వల్లేమోనని సువర్ణ అన్నా, పని ఎగ్గొట్టడానికే ఈ తుమ్ములని అత్తగారు శాంతమ్మ తీర్పు. ఆవిడ దగ్గర సాక్ష్యం కూడా ఉంది. "పి.గన్నవరంలో పుట్టింటికెళ్ళి సెలవులన్నాళ్ళూ ఉందండి. ఒక్క తుమ్ము లేదంట! అక్కడ మాత్రం కొబ్బరిచెట్లు లేవేంటండీ?" అని పక్కింటి బేబితో అంటే, ఆవిడ "ఆయ్, నిజవేనండి" అంది. ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ సువర్ణ ఎన్ని గిన్నెలు తోమిందో. నిజమే కదా! పుట్టింట్లో చెట్టు కిందే మంచం వాల్చుకుంది, పూత మొహం మీద రాలింది, హాయిగా నిద్రపోయింది. కొంపదీసి తన ఒళ్ళే తనకి తెలియకుండా పనిదొంగ అయిపోయిందా? పైకి చెప్పుకోలేని కోపమంతా ముక్కులోంచి వస్తోందా? ఎవరో అంటే కోపమొచ్చేది గాని, తన మీద తనకే అనుమానం వచ్చేసరికి ఏడుపొచ్చింది.

అలాంటి రోజుల్లోనే ఈస్టర్ ఆరాధనలో ఒంటరిగా పాడే చరణం ఆమె వంతుకొచ్చింది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. "మధ్యలో తుమ్మి పరువు తీస్తావు. పాటల బృందంలో ఏంజెల్ ఉందిగా, దానికి ఇచ్చెయ్యమను" అన్నాడు బెన్నీ. ఎన్నో వదులుకుంది గాని ఆ చరణం వదులుకోబుద్ధి కాలేదు. స్కూలు అయ్యాక, ఎవరికీ చెప్పకుండా అమలాపురంలోనే డాక్టర్ షైనీ దగ్గరికి వెళ్ళి, పుట్టింటి సంగతితో సహా అంతా చెప్పేసింది.

"కొబ్బరి పుప్పొడి మీకు కొంచెం పడదండి. ఉత్త పుప్పొడైతే మీ ఒళ్ళు ఓర్చుకుంటుంది. డీజిలు పొగ తగిలిందనుకోండి, అది ఇంకా ఘాటెక్కుద్ది, రేణువులు పగిలి సన్నమైపోతాయి. ఆ పొగకి ముక్కు లోపల ముందే ఒరుసుకుపోయి ఉంటుంది. మీ పుట్టింటి దగ్గర బళ్ళు తిరుగుతాయాండీ?"

"లేదండి. కాలవగట్టండి, సైకిళ్ళేనండి."

"మరింకేంటండీ!" అని నవ్విందావిడ.

తను దొంగ కాదు! బస్సులో కిటికీ పక్కన కూర్చుని సువర్ణ ఒక్కతే నవ్వుకుంటుంటే కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు.

మర్నాడు పొద్దున్నే బెన్నీకి ఒక చేత్తో వ్యాను తాళం, ఇంకో చేత్తో చీపురు చూపించింది. డాక్టరమ్మ మాట చెప్పి, "పొగ, చీపురు ఒక్కచోట కుదరవండి. వ్యాను రోడ్డుదాకా తోసుకెళ్ళి వేడి చేసుకోండి. ఇక్కడే అంటారా, వాకిలి మీరే ఊడ్చుకోండి" అంది.

"ఊడవడం ఎంతసేపు? చూస్తూ ఉండు!" అని రెండూ లాక్కున్నాడు బెన్నీ. ఇంజను మోగింది, పొగ లేచింది, పూత ఎగిరింది. సగం వాకిలి కాకుండానే తుమ్మాడు. ఆ వెంటనే ఇంకోటి. ఇక ఆగలేదు.

శాంతమ్మ పరుగున వచ్చింది. "అయ్యో నాయనా! ఒంట్లో బాలేదేంట్రా? ఆ పొగలో నీకెందుకురా ఈ పని? అమ్మాయ్, వేణ్ణీళ్ళు పెట్టు!"

అప్పటికే సువర్ణ బ్యాగు తగిలించుకుని గేటు దగ్గరుంది. నవ్వి నవ్వి ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అదేంటండీ అత్తయ్యగారూ! ఇది మీ అబ్బాయికి పుట్టిల్లే కదండీ?"

ముందు నవ్వింది బెన్నీయే, తుమ్ముతూనే. "వేణ్ణీళ్ళు నువ్వే పెట్టమ్మా. రేపట్నుంచి బండి రోడ్డు మీదే" అన్నాడు.

సువర్ణ గేటు తీసింది. వెనక నుంచి మరో తుమ్ము గట్టిగా వినబడింది. ఆగలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఈస్టర్ చరణం పైస్థాయిలో అందుకుని బస్సుకి నడిచింది.