లోపల పెట్టిన బొట్టు

మూడోసారి కూడా పెద్దాయన సగంలోనే కూలబడ్డాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పరిగెత్తుకుంటూ వచ్చి ఉన్నట్టుండి ఆగిపోయాయి. అడుగున, పని మధ్యలో తెగిందని చెప్పే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న ముక్క మిగిలింది. రాందాస్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

పెద్దాయన అంటే మనిషి కాదు. అశ్వారావుపేట దాటాక, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఆడపిల్లల హాస్టలు బడి ఒకటుంది. ఆ బడి కంప్యూటర్ గదిలోని సర్వరు అది. లినక్స్ అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తుంది. మిగతా పెట్టెలన్నీ దాని దగ్గర్నుంచే పాఠాలు అందుకుంటాయి. గది ఊడ్చే కన్నమ్మ దానికా పేరు పెట్టింది. అందరికన్నా ముందొచ్చింది, అందరికీ పెడుతుంది, పెద్దాయన కాక మరేమిటని ఆమె వాదన. రాందాస్ నోటికీ అదే పట్టేసింది.

సాయంత్రం వ్యాను వస్తుందని పై ఆఫీసు నుంచి కబురు. ఈలోగా కొత్త పాఠాల ప్యాకేజీలు ఎక్కితే సరే, ఎక్కకపోతే పెట్టెలన్నీ సత్తుపల్లి వైపు మరో బడికి తరలిస్తారు. గదికి తాళం పడుతుంది. రాందాస్ ఏమవుతాడో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. అడిగే రకం కాదు. సన్నటి మనిషి, ముందుకు వంగిన భుజాలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు. ఈ గది చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్లి మాటలు ఒకటి రెండుసార్లు దగ్గరదాకా వచ్చి తప్పిపోయాయి. పొద్దున ఈ గది తాళం తీయడం, సాయంత్రం వేయడం, బతుకంతా ఆ రెండింటి మధ్యే గడిచింది.

కన్నమ్మ చీపురుతో వచ్చింది. పొట్టి మనిషి, నుదుట పచ్చబొట్టు, ముక్కుకు నల్లబడిన వెండి పుడక.

“ఏంది తమ్మీ, పెద్దాయన ఇంకా లేవలేదా?”

“లేస్తుండు, పడ్తుండు అక్కా. జల్దీ ఊడ్చి పో, దుమ్ము లేపకు.”

“నాకూ గట్లనే ఉంది. పొద్దుగాల్నుంచి ఛాతీల బండ పెట్టినట్టుంది.”

“దవాఖానాకు పోరాదు?” అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

“పోతాలే. చాయ్ తాగినవా నువ్వు?”

అతను మీటలు కొడుతూనే ఉన్నాడు. ఆమె బల్లల కింద ఊడుస్తూ, పిల్లలు పారేసుకున్న రబ్బరు ముక్క ఒకటి దొరికితే చీర కుచ్చిళ్లకు తుడిచి కిటికీలోని తగరపు డబ్బాలో వేసింది. అడవి గాలిలో తడి ఎక్కువ. కంప్యూటర్ లోపలి బద్దలకు చిలుము పడుతుంది. పెన్సిలు రబ్బరుతో రుద్దితే పోతుంది. రాందాస్ కోసం ఆమె ఏళ్ల తరబడి ఆ డబ్బా నింపుతూనే ఉంది. చీపురు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

రాందాస్ మళ్లీ మొదలుపెట్టాడు. కొత్త ప్రోగ్రాములను తెచ్చి, విప్పి, ఎక్కడివక్కడ సర్దే పని ప్యాకేజీ మేనేజర్‌ది. ఆ సర్దేవాడే చేతులెత్తేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? సగంలో ఆగినవాటిని పూర్తి చేయమన్నాడు, కూలబడింది. దింపుకున్నవి తుడిచేసి మళ్లీ దింపాడు, మరోచోట కూలబడింది. ఆకలి చచ్చిపోయింది. చివరికి ఖమ్మంలో ఉండే సతీష్‌కు ఫోను చేశాడు. ఈ పెట్టెలన్నీ బిగించిన కుర్రవాడతను.

“ఒక్కోసారి ఒక్కో కాడ ఆగుతుందా అన్నా? అయితే తప్పు ప్యాకేజీది గాదు. పెట్టె ఇప్పి ర్యామ్ చూడు.”

స్విచ్ ఆపి, పక్క రేకు తీసి, రాందాస్ సెల్‌ఫోను దీపం లోపలికి వేశాడు.

ర్యామ్ బద్దలు రెండు నిలువుగా ఉన్నాయి. పనిలో ఉన్నదంతా పట్టి ఉంచేది అవే. బయటివైపు బద్దకు నిండుగా పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు. తడిపసుపు కారి, కింది బంగారు రంగు పళ్ల మీద గట్టిపడి ఉంది.

దసరాకు ముందు, ఆయుధపూజ నాడు అతను తండాకు బయల్దేరుతూ అన్ని పెట్టెలకూ పైన బొట్టు పెట్టాడు. ఉక్కకు పెద్దాయన రేకు ఊడదీసే ఉంది. కన్నమ్మ వంగి చూసి, “పైపైన పెడ్తే ఏం లాభం తమ్మీ? పనిచేసేది లోపలనే గదా” అంది. “నీ పెద్దాయన, నీ ఇష్టం అక్కా” అని నవ్వి అతను బస్సుకు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి రేకు మూసి ఉంది, పాత పాఠాలకు పెద్దాయన ఎక్కడా తడబడనూ లేదు. నిజంగా పెడుతుందని ఎవరనుకుంటారు!

ఒళ్లు మండిపోయింది. బద్ద ఊడదీసి చేత్తో పట్టుకుని వరండాలోకి దూసుకొచ్చాడు. కన్నమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. చీపురు ఒళ్లోనే ఉంది.

“ఏం చేసినవో చూడక్కా! కరెంటు నడిచేదానికి తడిపసుపు పెడ్తరా ఎవరన్నా? పొద్దుమీకి పెట్టెలు పట్టుకపోతే నువ్వేం ఊడుస్తవ్? నేనెక్కడికి పోవాలె? మాట్లాడవేంది?”

ఆమె తలెత్తలేదు. ముక్కుపుడక మీద ఈగ వాలింది. తోలుకోలేదు. పక్కన, పళ్లెం మూత పెట్టిన గ్లాసులో అతని చాయ్ మీగడ కట్టి ఉంది.

రాందాస్ చేతిలో బద్ద అలాగే ఉంది. ఇంతసేపూ తను తిట్టింది ఎవరిని? వంటావిడ పుష్ప వచ్చి చూసి కేక పెట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. కన్నమ్మ కొడుకు బొజ్జయ్య ట్రాక్టరు తెచ్చాడు. నలుగురూ పట్టి ఎక్కించారు. పొద్దున నడుచుకుంటూ వచ్చిన మనిషి, చాపలో పడుకుని అడవి దారిన వెళ్లిపోయింది. ఛాతీలో బండ ఉందని ఆమె చెప్పిన సంగతి రాందాస్ ఎవరికీ చెప్పలేకపోయాడు.

వ్యాను వచ్చింది.

“ఎక్కియ్యాల్నా సార్?” అన్నాడు డ్రైవరు.

“ఆగు” అని రాందాస్ లోపలికి నడిచాడు. చేతిలోని బద్ద బల్ల మీద పెట్టి, మిగిలిన ఒక్క బద్దతోనే పెద్దాయనకు స్విచ్ వేశాడు. ప్యాకేజీలు ఎక్కించే ఆజ్ఞ కొట్టాడు. అక్షరాలు నెమ్మదిగా కదిలాయి. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఒక్కో ప్యాకేజీ విప్పుకుని, సర్దుకుని, చివరిదాకా వెళ్లింది. వ్యాను ఖాళీగా వెనక్కి తిరిగింది. గది దక్కింది, ఉద్యోగం దక్కింది. సంతోషం మాత్రం రాలేదు.

కిటికీలోని డబ్బా తెరిచి, పొద్దున ఆమె వేసిన రబ్బరు ముక్క తీశాడు. రుద్దితే బద్ద శుభ్రపడుతుంది, పెద్దాయన ఎప్పటిలా చురుగ్గా నడుస్తాడు. బొట్టు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. రబ్బరును తిరిగి డబ్బాలో వేసి, దీపం ఆర్పి, తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

బల్ల మీద, పెద్దాయన పక్కన, పసుపు ఎండిన బద్ద బొట్టుతో అలాగే ఉంది.