పంపు స్టవ్వు

“ఉప్పేదే?” అన్నాడు మా ఆయన, అంబలి ఒక్క గుక్క తాగి.

ఉప్పు డబ్బా ఆయన కూర్చున్న పీటకి మూరెడు దూరంలో ఉంది. నేను పెరట్లో బట్టలు పిండుతున్నాను. తడి చేతులు చీరకి తుడుచుకుని లోపలికొచ్చి, డబ్బా తీసి, చిటికెడు గ్లాసులో వేసి, మళ్ళీ పెరట్లోకి వెళ్ళాను. అప్పట్లో నాకు అందులో వింతేమీ కనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, వెంటనే నవ్వూ వస్తుంది. ఎనభై రెండో సంవత్సరం అది. జ్ఞానాపురంలో రెండు గదుల ఇల్లు. దండెం మీద ఆరేసిన నా తెల్ల యూనిఫాం సాయంత్రానికల్లా రేవు వైపు నుంచి వచ్చే దుమ్ముకి ఎర్రబడేది. ఓడ కూత వినిపిస్తే పిల్లలిద్దరూ వీధిలోకి పరిగెత్తేవాళ్ళు. తిట్టుకుంటూనే బతికాను గానీ, ఆ ఇంటిని మాత్రం ఇప్పటికీ కల్లో ఊడుస్తూ ఉంటాను.

మా ఆయన శుభాకర్ ట్రైలర్ డ్రైవరు. నేను అదే లారీ కంపెనీ డిస్పెన్సరీలో నర్సుని. ఉక్కునగరం అప్పుడే లేస్తోంది. ఓడల్లో దిగిన ఇనుప దూలాలు మా కంపెనీ బళ్ళ మీదే అక్కడికి వెళ్ళేవి. ఆ ఏడు జూన్‌లో ఒక డ్రైవరు స్టీరింగ్ మీదే గుండెనొప్పితో వాలిపోయాడు. అతని ప్రాణం దక్కింది గానీ కంపెనీకి భయం పట్టుకుంది. మా డిస్పెన్సరీ డాక్టర్ గురునాథరావుగారు అందర్నీ పరీక్ష చేసి, పద్నాలుగు పేర్లు రాశారు. క్రిస్మస్ ముందు మళ్ళీ పరీక్ష. అప్పటికి తలా పది కిలోలు తగ్గాలి. తగ్గకపోతే స్టీరింగ్ ఉండదు, గేటు దగ్గర కాపలా డ్యూటీ. మొదటి పేరు మా ఆయనదే.

“వీళ్ళ తిండీ నడకా నువ్వే చూసుకో కృపావతీ” అన్నారు డాక్టరుగారు. “ఇలాంటివి ఆడవాళ్ళకి నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వస్తాయి.”

నాకు పుట్టుకతో ఏమీ రాలేదు. మూడేళ్ళు నర్సింగ్ చదివితే వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన గడప మీద కూర్చుని, రెండు చేతులూ గాల్లో స్టీరింగ్ పట్టుకున్నట్టే పెట్టి, “నా సేతిలోంచి బండి తీసీత్తే నానింకేటే కృపా?” అన్నాడు. అంత పెద్ద మనిషి అలా అనేసరికి ఎలాగైనా ఈయన్ని తగ్గిస్తానని దేవుడికి మొక్కుకున్నాను.

కంపెనీలో మనుషుల్ని తూచే మిషను లేదు. గోడౌన్లో బస్తాలు తూచే కాటా ఉండేది. దాని మీదే ఒక్కొక్కణ్ణి నిలబెట్టాం. జగ్గారావనే డ్రైవరు కాటా ఎక్కుతుంటే ఖాకీ నిక్కరు జేబు పర్రున చిరిగి, అరకిలో బోల్టులు దబదబా కింద పడ్డాయి. వచ్చే నెల అవి తీసేసి ఎక్కితే తగ్గినట్టు ఉంటుందని అతని తెలివి! మిగతా పదముగ్గురూ గుట్టుగా జేబులు ఖాళీ చేసుకోవడం చూసి నేను పడీపడీ నవ్వాను. మా ఆయన జేబులోంచి ఏకంగా స్పానరే వచ్చింది. అది తీసేశాక తొంభై నాలుగు కిలోలు తూగాడు.

ఆ రాత్రి పద్నాలుగు చీటీలు రాశాను. పొద్దున్న చోళ్ళ అంబలి, అంటే రాగి జావ, మధ్యాహ్నం అన్నం సగం, వేపుళ్ళు బంద్, ఉప్పూ నూనే తక్కువ. ప్రతి చీటీ పైనా ‘ఇంటావిడకి’ అని నా చేత్తో నేనే రాశాను. ఆ మాట రాస్తున్నప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అదే సిగ్గు.

ఇక మా ఇంట్లో నా పని రెట్టింపయింది. తెల్లారకుండా లేచి నానేసిన చోళ్ళు రుబ్బడం, ఆయనకి వేరే కూర, పిల్లలకి వేరే కూర, మా అత్తగారు దీవెనమ్మకి మెత్తటి అన్నం, ఆయన క్యారేజీ కట్టి, నీళ్ళు పట్టి, ఎనిమిదికల్లా డిస్పెన్సరీ. ఈ పన్లలో ఒక్కదాంట్లోనూ ఆయన చెయ్యి పెట్టేవాడు కాదు. పెట్టలేడనే నేను నమ్మాను. మా రెండోవాడు పుట్టినప్పుడు అత్తగారు ఊళ్ళో లేరు. మూడోరోజు నాకు ఒళ్ళు తెలియని జ్వరం. పెద్దపిల్ల ఆకలని ఏడుస్తోంది. “స్టవ్వు ముట్టించండి, కాస్త గంజి కాద్దురుగాని” అంటే, ఆయన వత్తుల స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని, అటూ ఇటూ చూసి, “నాకు ముట్టించడం రాదే” అన్నాడు. ఎంత జాలేసిందో ఆ మొహం చూసి! పాపం మగవాడు, ఏం తెలుస్తుంది అనుకుని, గోడ పట్టుకుని లేచి నేనే కాచాను. తర్వాత అత్తగారికి చెబితే, “మగోడి సేత పొయ్యి ముట్టిత్తావేటమ్మా?” అని నన్నే కోప్పడింది.

నెల తిరిగింది. మళ్ళీ కాటా ఎక్కించాం. పదముగ్గురి బరువులో మార్పేమీ లేదు. మా ఆయన కిలోన్నర పెరిగాడు. డాక్టరుగారు అందరి ముందూ కళ్ళజోడు తీసి, “సొంత మొగుణ్ణే తగ్గించలేనిదానివి వీళ్ళనేం తగ్గిస్తావమ్మా? ఇంట్లో ఏం మేపుతున్నావు?” అన్నారు. గుమాస్తాలు నవ్వారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఒకడు సామెత కూడా చెప్పాడు. మా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట, నా ఇంటిదాని తప్పు లేదు అన్న ఒక్క మాట అంటాడేమో అని చూశాను. అనలేదు.

ఆ మర్నాడే జగ్గారావు భార్య దేముడమ్మ డిస్పెన్సరీకి వచ్చింది. చేపల గంప గుమ్మంలో దించి, నా చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

“ఓ నర్సమ్మా, ఇది నువ్వే రాసినావా? సోళ్ళు నానెయ్యాల, రుబ్బాల, కాయాల. ఆడికో కూర, పిల్లలకో కూర. నాను పొద్దెక్కకముందే రేవుకెల్లి సేపలు తెచ్చి వీదీదీ తిరిగి అమ్ముకుంటాను. ఆడి పొట్ట ఆడిది గదా! ఆడి పొట్ట తగ్గడానికి నా నడుమెందుకు ఇరగాలమ్మా?”

ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయాక ఆ చీటీ చాలాసేపు చూశాను. నాకూ నడుం నొప్పిగా ఉందని అప్పుడే తెలిసింది.

ఇంట్లో తగ్గిన తిండి ఇంకెక్కడ పెరుగుతోంది? అది చూడాలనిపించింది. పోర్టు గేటు బయట లోడింగు కోసం లారీలు వరసగా ఆగే రోడ్డు ఒకటుంది. దాన్ని అందరూ లైను అనేవారు. పొద్దున్న వెళ్ళి నిలబడితే ఒక్కోసారి సాయంత్రానికి గానీ వంతు రాదు. శనివారం మధ్యాహ్నం, బళ్ళలో మందుల పెట్టెలు నింపే వంకతో అక్కడికి వెళ్ళాను.

రెండు ట్రైలర్ల మధ్య నీడలో ఘుమఘుమలాడుతూ చేపల పులుసు వాసన. ఏడెనిమిది మంది సత్తు పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య తలకి తువ్వాలు చుట్టుకుని, వీపు నావైపు పెట్టి ఒకాయన పంపు స్టవ్వు ముట్టిస్తున్నాడు. వత్తుల స్టవ్వు పసిపిల్లలు కూడా ముట్టిస్తారు. పంపు స్టవ్వు అలా కాదు. పిన్నుతో గుచ్చాలి, గిన్నెలో కిరసనాయిలు పోసి వేడెక్కించాలి, మంట ఎర్రగా ఉన్నంతసేపూ ఆగి, సరిగ్గా సమయం చూసి పంపు కొట్టాలి. తొందరపడితే మొహం కాలుతుంది. ఆయన తొందరపడలేదు. నాలుగు సార్లు పంపు కొట్టాడు. నీలం మంట బుస్సుమని లేచింది. పెనం పెట్టి, డబ్బాతోనే గలగలా నూనె వంచి, మసాలా పట్టించిన కవళ్ళ చేపలు ఒక్కొక్కటే జారవిడిచాడు. ఆ వీపు నాకు పదకొండేళ్ళుగా తెలిసిన వీపు.

“రా అప్పా, సమయానికొచ్చినావు!” అని జగ్గారావు కేకేశాడు. మా ఆయన్ని బావ అంటాడు కాబట్టి నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేవాడు. “ఈయేల పులుసూ ఏపుడూ రెండూను. నువ్వయితే ఇంటికాడ రోజూ తింతావు బావ సేతి వంట. మాకు లైన్లోనే గదా దొరుకుద్ది!”

మా ఆయన వెనక్కి తిరిగాడు. చేతిలో గరిట. ఆయన మొహం చూడగానే ఆ మూడోరోజు జ్వరం మొత్తం నా ఒంట్లోకి తిరిగొచ్చింది. గరిట లాక్కుని విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ విచిత్రం, అంతకంటే ముందు ఆకలేసింది. “నాకూ ఒక పళ్ళెం పెట్టండి” అన్నాను. ఆయన పెట్టాడు. చర్చి విందులూ పురుళ్ళూ తీసేస్తే, పెళ్ళయ్యాక నేను వండని అన్నం నా ముందుకి రావడం అదే మొదలు. నా వంటకంటే బాగుంది. నన్ను ఎక్కువ ఏడిపించింది అదే.

సాయంత్రం ఇంట్లో అడిగాను. “రాదన్నారేం ఆ రోజు?”

“లైన్లో అందరం మగోళ్ళం. ఎవుడో ఒకడు ఒండాల. అది డూటీ” అన్నాడు. “ఇల్లు ఏరే.”

“మూడోరోజు బాలింతని, గోడ పట్టుకుని లేచాను. జ్ఞాపకం ఉందా?”

ఆయన నెత్తి గోక్కుని, “మర్సిపోనాను” అన్నాడు. నిజంగానే మర్చిపోయాడు. అబద్ధమాడి ఉన్నా అంత బాధ ఉండేది కాదు.

“సరే. రేపట్నుంచి మీ అంబలి మీరే కాచుకోండి. నేను మీ నర్సుని. ఏం తినాలో, ఎంత తినాలో చెప్తాను. వండడం మాత్రం మీదే.”

“ఓలమ్మో!” అని అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుంది. “నా కొడుకు ఇంట్లో గరిటట్టుకుంటే ఈదిలో నానేటి మొకం పెట్టుకోవాల?”

“గేటు దగ్గర కర్ర పట్టుకుంటే ఏ మొహం పెట్టుకుంటారో అదే పెట్టుకోండి అత్తా” అన్నాను. నా నోట్లోంచి అంత మాట వచ్చిందంటే నాకే నమ్మకం కుదరలేదు.

మూడు రోజులు ఆయన ఏమీ తాగకుండానే డ్యూటీకి వెళ్ళాడు. నేను మాత్రం లేచి కాయలేదు. నాలుగోరోజు పొద్దున్న అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

చీటీలు మళ్ళీ రాశాను. ఈసారి పైన ఎవరి పేరు వాళ్ళదే. లైనుకి వెళ్ళి, మా ఆయన నూనె డబ్బా పక్కన ఒక చెంచా పెట్టాను. ఎనిమిది మందికి ఎనిమిది చెంచాలు, చుక్క ఎక్కువ కాదు. ఆ ఒక్క గిన్నె మారితే ఎనిమిది పొట్టలు మారతాయి. గేటు పాసుకి క్లీనర్లని పంపకుండా డ్రైవర్లే వెళ్ళాలన్నాను. లైను చివర్నుంచి గేటుకి పోనూ రానూ రెండు మైళ్ళు. “అప్పా, ఇది పులుసా, పులుసు నీడా?” అని జగ్గారావు రోజూ ఏడ్చేవాడు. మా ఆయన మాత్రం పౌరుషానికి పోయి, చెంచా నూనెలోనే చింతపండూ అల్లమూ దట్టించి, అందరి చేతా పళ్ళేలు నాకించాడు. మంచి వంటగాడు, అది ఒప్పుకోవాలి. దేముడమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడి, “ఆడు అంబలి కాసినాడమ్మా! సగం మాడ్సీసినాడు. అయినా కూకుని తాగినాను” అని పకపకా నవ్వి వెళ్ళింది.

డిసెంబరులో పరీక్ష. కాటా మీద మా ఆయన బరువు ఎనభై నాలుగున్నర. అందరూ బిక్కమొహాలు వేశారు. “బూట్లు విప్పండి” అన్నాను. విప్పాడు. ఎనభై నాలుగు! జగ్గారావు ఈల వేశాడు. నలుగురైదుగురు తప్ప అందరూ గట్టెక్కారు, ఆ మిగిలినవాళ్ళకీ మూడు నెలల గడువు దొరికింది. పెద్దాఫీసుకి రాసిన కాగితంలో డాక్టరుగారి పేరే ఉంది. ఉండనీ.

ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. రిటైరయ్యేదాకా స్టీరింగ్ చేతిలోనే ఉంది. ఆయన జ్ఞాపకం వస్తే నాకు ట్రైలర్ కంటే ముందు ఆ పరీక్ష మర్నాటి పొద్దున కళ్ళముందుకొస్తుంది. బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి నా కోసం పీట వేసి ఉంది. దాని ముందు గ్లాసుడు అంబలి, ఆవిర్లు కక్కుతూ. అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఆయన రెండో గ్లాసు పట్టుకుని అప్పుడే గడప మీద కూర్చున్నాడు.

పీట మీద కూర్చుని ఒక్క గుక్క తాగాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. డబ్బా నాకు మూరెడు దూరంలో ఉంది.

“ఉప్పేదండీ?” అన్నాను.

ఆయన నావంక చూశాడు. డబ్బా వంక చూశాడు. గ్లాసు కింద పెట్టి, లేచి వచ్చాడు.