ఆఖరి మెట్టు మీద చెప్పులు

మా ఆయన సాయిలు తెలివి ఎలాంటిదో చెబుతాను, వినండి. కొత్త బజారులో దుకాణాలకు చీట్లు తీస్తే మాకు పైమెట్టు మీద దుకాణం వచ్చింది. సరిగ్గా గేటు పక్కన. ఆటో దిగిన వాళ్ల కళ్లు ముందు మా నేత దుప్పట్ల మీదే, అంటే చాదర్ల మీదే, పడేవి. అలాంటి చోటును రాజారాంకు ఇచ్చేసి, అతనికి వచ్చిన అట్టడుగు దుకాణం మా ఆయన తీసుకున్నాడు. అదీ బతిమాలి మరీ!

అట్టడుగు అంటే నిజంగా అట్టడుగే. అశోక్ చౌక్ నుంచి జోడ్‌భావి పేట్‌కు వచ్చే దారిలో మా పాత తాలీం ఉంది. కుస్తీ నేర్పే చోటును ఈ మరాఠీ ఊళ్లో తాలీం అంటారు. వేరే తాలీం అయితే ఒక గది, అందులో ఇంత మట్టి. ఇది అలా కాదు. ఎప్పుడో రాయి తవ్వి వదిలేసిన గుంటలో కట్టారు. పెద్ద బావిలా గుండ్రంగా ఉంటుంది. చుట్టూ ఇరవై నాలుగు మెట్లు, నడుమ ఎర్రమట్టి బరి. ఆ మెట్ల మీద కూర్చుని జనం కుస్తీలు చూసేవాళ్లు. పైల్వాన్లు ముసలివాళ్లయ్యారు, కొత్తవాళ్లు రాలేదు, గుంట ఖాళీ పడింది. నిరుడు దాన్ని బజారు చేశారు. మెట్లు వెడల్పు చేసి చుట్టూ చాదర్ల దుకాణాలు, టవళ్ల దుకాణాలు పెట్టారు, పైన రేకులు వేశారు, బరి మీద తెల్లటి టైల్స్ పరిచారు. ఆ టైల్స్ మీద ఉన్నది మా దుకాణం ఒక్కటే.

"ఏమయ్యా, నీకేమన్న పిచ్చి లేసిందా? ఒక్క టవల్ కోసం గింత కిందికి ఎవడు దిగుతడు?" అని అడిగాను.

"నేను కుస్తీ పట్టిన జాగ పద్మా. గీడ ఇంకొకడు కూసుంటే నాకు బువ్వ సయించది," అన్నాడు.

పోనీ అంతటితో ఆగాడా? ఆఖరి మెట్టు మీద ఒక బోర్డు నిలబెట్టాడు. తెలుగులో, మరాఠీలో, హిందీలో ఒకటే మాట: చెప్పులు ఇక్కడ విడవండి. టైల్స్ కింద మట్టి అలాగే ఉందట. బరిలోకి చెప్పులతో దిగకూడదట. పొద్దున్నే వచ్చి నేలను తాకి కళ్లకద్దుకున్నాకే షట్టర్ ఎత్తేవాడు.

దారితప్పి ఎవరైనా ఇరవై మూడు మెట్లు దిగి వచ్చినా, బోర్డు చదివి వెనక్కి తిరిగేవాళ్లు. ఒకామె అయితే, "ఇది గుడా, దుకానమా?" అని పకపకా నవ్వుకుంటూ పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు ఇంటి మూలన కూర్చుని బీడీలు చుట్టినదాన్ని. మా సాంచా మీద, అదే మరమగ్గం మీద, నేసిన చాదర్లు మేమే అమ్ముకుంటాం, నేనూ నలుగురిలో కూర్చుంటానని ఎంత సంబరపడ్డానో! చివరికి ఏమయింది? గిరాకీ లేక, ఈగలు తోలుకోలేక, దుకాణంలోనే మళ్లీ చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించాను.

ఒక్కటి మాత్రం చేశాను. ఆ బరిలో నేను చెప్పులు విడవలేదు. టకటకలాడించుకుంటూ తిరిగేదాన్ని. సాయిలు చూసేవాడు, చూసి చాదర్లు సర్దుకునేవాడు. అనడానికి నోరెక్కడిది? మా పెళ్లయిన ఏడాది ఇక్కడ పెద్ద కుస్తీ పెట్టారు. ఎండలో పరుగెత్తుకుంటూ అన్నం డబ్బా తెచ్చాను. ఈయన గేటు దగ్గరికి వచ్చి డబ్బా అందుకుని, "ఆడోళ్లు లోపటికి రావొద్దు, ఇంటికి పో" అన్నాడు. దోస్తులందరూ చూస్తుండగా అన్నాడు. ఎదురుగా ఉన్న కార్ఖానా డాబా ఎక్కితే నాకు కనబడింది జనం నెత్తులే. మొగుడు గెలిచాడో ఓడాడో డప్పు చప్పుడును బట్టి తెలుసుకున్నాను. గెలిచాడులెండి. ఆ కోపం మాత్రం నాకు నేటికీ పోలేదు.

ఆషాఢం చివర్లో బజారు మేనేజర్ మంగేశ్ వచ్చాడు. మా పేటలో పుట్టిన పిల్లవాడే. బోర్డు ముందు ఆగి, అక్కడి నుంచే మాట్లాడాడు.

"పద్మక్కా, నా మీద గుస్సా కావొద్దు. నడుమ జాగ ఖాళీగ కనబడితె బజారుకే బద్నాం అంటున్నరు పెద్దోళ్లు. నాగపంచమి దాక చూస్తం. అటెన్క ఐస్‌క్రీమోడు అడుగుతున్నడు, ఆనికి ఇచ్చుడే."

"ఇన్నవా? ఆ బోర్డు తీసెయ్యి ఇగనన్న!" అని సాయిలు మీద అరిచాను.

"దుకానం పోతె పోనియ్యి. బోర్డు తియ్య," అన్నాడు. ఏం మనిషండీ! వారం రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టాను.

నాగపంచమి పొద్దున ఆయన కొబ్బరికాయలు తేవడానికి పోయాడు. నేను చూసి చూసి, బోర్డు పీకి చాదర్ల దొంతర కింద దాచేశాను. ఈ ఒక్క రోజైనా నలుగురు దిగి రావాలి, అంతే నా ఆశ.

పదింటికి పాత పైల్వాన్లు వచ్చారు. ఏటా ఈ రోజు బరికి పూజ చేయడం వాళ్ల అలవాటు. చాలామంది ఇప్పుడు కుంభారి కాలనీలో ఉంటారు, బస్సెక్కి వచ్చారు. ముందు వీళ్లకు కుస్తీ నేర్పిన, డెబ్బై దాటిన మల్లప్ప వస్తాద్, వెనుక మోకాళ్లు పట్టుకుంటూ మరో నలభై మంది, వాళ్ల మధ్య కొబ్బరికాయల సంచితో సాయిలు. బోర్డు లేదు కదా, ఎలా వస్తారో చూద్దామని నేను కళ్లప్పగించి నిలబడ్డాను. ఆఖరి మెట్టు దగ్గర మల్లప్ప ఆగాడు. చెప్పులు విడిచాడు. వెనుకవాళ్లూ ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ విడిచి, నేల తాకి లోపలికి వచ్చారు. నలభై పైచిలుకు జతలు మెట్టు పొడుగునా పరుచుకున్నాయి.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. పండగ బేరాలకు వచ్చిన జనం పై నుంచి తొంగి చూశారు. అన్ని చెప్పులు కనబడితే మనవాళ్ల కాలు నిలుస్తుందా? కింద ఎవరో స్వామి వచ్చాడన్నారు, సగం ధరకే ఇస్తున్నారన్నారు. మెట్ల మీద బిలబిలమంటూ దిగడమే! దిగినవాళ్లు దిగినట్టు ముందున్న చెప్పులు చూసి, తమవీ విడిచి లోపలికి వచ్చారు.

ఒక పిల్ల చాదర్ పట్టుకుని, "రంగు మంచిగుంది గని, గట్టిగుంటదా?" అంది.

"గట్టిగుంటదా అని అడుగుతున్నవా బిడ్డా!" అని మల్లప్ప లేచాడు. చాదర్ ఒక కొస తను పట్టి, రెండో కొస సాయిలుకు విసిరాడు. "గుంజు రా!"

ఇద్దరు ముసలివాళ్లూ కాళ్లు తన్నిపెట్టి గుంజారు. మెట్ల మీద జనం కూర్చుండిపోయారు. ఈలలు, చప్పట్లు! చాదర్ చిరగలేదు, మల్లప్ప పట్టు జారి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ తరువాత నాకు తల ఎత్తడానికి తీరిక లేదు. మడత విప్పడం, చూపించడం, సంచిలో వేయడం. మధ్యాహ్నానికి చాదర్ల దొంతర కరిగి, అడుగున బోర్డు బయటపడింది.

సరిగ్గా అప్పుడే మంగేశ్ బూట్ల లేసులు విప్పుకుని వచ్చాడు. "పద్మక్కా, ఐస్‌క్రీమోనికి వేరే జాగ చూపిస్త. నువ్వు గీడ్నే ఉండు. అవ్, బోర్డేది?" అన్నాడు.

తీసి చూపించాను. పైల్వాన్లందరూ చూస్తున్నారు. అంతమందిలో కాళ్లకు చెప్పులున్నది నాకొక్కదానికే. ఇక ఈయన మళ్లీ ఇంటికి పొమ్మంటాడు కాబోలు అనుకున్నాను.

సాయిలు బోర్డు అందుకున్నాడు. "నీ కోపం నాకెర్కనే పద్మా," అన్నాడు, అందరికీ వినబడేలా. "ఆ దినం నిన్ను గేటు కాడ ఆపుడు నాదే తప్పు. గెలిచినంక మెట్ల మీద నీ కోసమే చూసిన. నేనే ఎల్లగొట్టిన గద, ఏడ కనబడతవు?"

ముప్పై ఏళ్లకు చెప్పాడండీ ఆ మాట! నాకు ఏడుపు వచ్చింది, తిట్టాలనీ అనిపించింది. రెండూ చేయకుండా ఆఖరి మెట్టు దగ్గరికి వెళ్లి చెప్పులు విడిచి వచ్చాను. టైల్స్ చల్లగా తగిలాయి.

సాయంత్రం రాజారాం మెట్లు దిగి వచ్చి, "సాయిలన్నా, జాగ మల్ల మార్చుకుందమా?" అని నసిగాడు.

"పోవయ్యా పో, నీ పైమెట్టు నీకే ఉండనీ," అన్నాను నేను.

షట్టర్ దించి చూస్తే ఆఖరి మెట్టు మీద ఒక్క జతే మిగిలింది, సాయిలుది. నా చెప్పులు ఎవరో తొడుక్కుపోయారు. మొన్న ఉగాదికి కొన్న కొత్తవి! ఆ మహాతల్లిని మెట్టు మెట్టుకూ తిడుతూ పైకి ఎక్కాను. గేటు దగ్గర సాయిలు ఆగాడు. తన చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. పెళ్లయిన ఏడాది నన్ను ఆపింది ఆ గేటు దగ్గరే.

"ఏస్కో. రోడ్డు మీద గాజుపెంకులున్నయి," అన్నాడు.

పడవల్లాంటి చెప్పులు ఈడ్చుకుంటూ నేను ముందు నడిచాను. ఆయన వట్టి కాళ్లతో నా వెనుక వచ్చాడు.