నాలుగు పనిముట్లు చాలు

"ఆ కూర తరగడం అయ్యాక ఊరికే ఓ కాగితం మీద పనిముట్ల పేర్లు రాసిపెట్టు," అన్నారు మా ఆయన, దువ్వెన జేబులో పెట్టుకుంటూ. ఈ ఇంట్లో నేను చేసే పనులన్నీ ఊరికే జరిగిపోతుంటాయి. బట్టలు ఊరికే ఉతికి ఉంటాయి, పిల్ల ఊరికే బడికి తయారై ఉంటుంది, కార్ఖానా ఊరికే శుభ్రంగా ఉంటుంది.

ఈసారి ఊరికే రాయాల్సింది ఆదివారం మొదలయ్యే తరగతి కోసం. మైనంలో నగలు చెక్కడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు మా కార్ఖానాలోనే పాఠాలు. తలుపుకు అంటించిన ప్రకటనలో బోధన అన్నచోట ఆయన పేరు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'సహకారం: ఇంటివారు' అని ఉంది. ఇంటివారంటే నేనే. మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు కార్ఖానా గడప తొక్కి ఏడాదవుతోంది మరి.

ముందుగా మైనంలో నగ రూపం చెక్కుతాం. దాని చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించేసి, ఆ ఖాళీలో లోహం పోస్తాం. పోత, మెరుగు ఆయనవి. లోహం పనిలో ఆయన దిట్ట, కాదనను. కానీ మైనం ముక్క ఆయన చేతిలో నిలవదు. చిన్నప్పటినుంచి లోహాన్ని అదిమిపట్టి అరగదీసిన చెయ్యి కదా, మైనాన్నీ అలాగే అదుముతుంది. తొమ్మిదేళ్ల కింద ఆయన విసుగొచ్చి బల్ల మీద పడేసిపోయిన మైనపు ఉంగరాన్ని నేను వంటింటి గట్టు మీద పెట్టుకుని, పాత చెంచా కాడకు సాన పట్టించి, దాంతో గీకి పూర్తిచేశాను. అప్పటినుంచి మా కొట్లో మైనం పని నాది, దాని పేరు ఆయనది. ఆ మొదటి ఉంగరం తీసుకోవడానికి వచ్చినావిడ "మీ చేతిలో ఏదో ఉంది సార్" అంది. "అంతా మా నాన్నగారి చలవండీ" అన్నారు ఈయన. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అయినా నోరు మెదపలేదు. "మగాడి పేరు మీద నడిచే కొట్టమ్మా ఇది, నీకు తెలిసింది నీలోనే ఉంచుకో" అని అత్తగారు అప్పటికే చెప్పి ఉన్నారు. సరే అని ఉంచుకున్నాను. తొమ్మిదేళ్లు దాచుకున్నాక అది నాకే బరువైపోయింది. ఆ తరగతిలో చెప్పాల్సింది నేను. ఆ మాట నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, పైకి అనడం మాత్రం ఎవరికీ చేతకావడం లేదు.

కాగితం మీద నాలుగే రాశాను. మెలి తిరిగిన పళ్లున్న రంపం, పెద్ద పళ్ల ఆకురాయి, ఉంగరం లోపలి గుండ్రం తీసే కత్తి, గీకడానికి ఒక సన్నటి ఇనప పుల్ల. ఆయన చూసి నవ్వారు. "నాలుగేంటే, పరువు పోతుంది," అని కేటలాగు ముందేసుకుని ముప్ఫై రెండు చేసి, చేరినవాళ్లందరికీ ఆ జాబితా పంపారు.

ఆదివారం అయిదుగురు ఆడవాళ్లు వచ్చారు. నలుగురి చేతుల్లో కొత్త పెట్టెలు, ఇంకా మూతలకు అంటించిన టేపు కూడా ఊడదీయలేదు. అయిదో ఆవిడ స్కూలు బస్సు డ్రైవరు, ఉత్త చేతులతో వచ్చింది. "పనిముట్ల కొట్లో అరగంట నిలబడ్డానండీ. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది కొనాలో తెలీక ఏదీ కొనలేదు," అంది.

"పనిముట్లు లేకుండా పాఠమేంటమ్మా? వచ్చే వారం కొనుక్కుని రండి," అన్నారు ఈయన.

ఆవిడ తలూపి సంచీ భుజానికి తగిలించుకుంది. అలా తలూపడం నాకు ఎంత అలవాటో! "కూర్చోండి, ఇప్పుడే వెళ్లకండి," అన్నాను. మా ఆయన నావైపు ఒక చూపు చూసి పాఠం మొదలుపెట్టారు.

వెండి మీద వాడే సన్న పళ్ల ఆకురాయి తీశారు. మైనపు ఉంగరం మీద నాలుగుసార్లు రుద్దేసరికి దాని పళ్ల నిండా మైనం కూరుకుపోయింది. పట్టు జారుతుంటే ఇంకాస్త అదిమారు. ఉంగరం టప్పున రెండు ముక్కలైంది.

"మైనం మంచిది కాదు. ఏమే, ఇంకో ముక్క అందుకో," అన్నారు.

అందుకున్నాను. ఆయన చెయ్యి చాచారు. నేను ఇవ్వలేదు.

"మీరు కాస్త లేవండి."

లేచారు. గౌరవం కొద్దీ కాదు, బిత్తరపోయి. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నా వేళ్లకు ఆ పని తెలుసు.

"మీ పెట్టెల్లోంచి ఒక్కో ఆకురాయీ తీసి ఈ మైనం మీద రెండుసార్లు లాగండి," అన్నాను. "తురుము కింద రాలిపోతే ఉంచుకోండి. పళ్లలో ఇరుక్కుంటే అది లోహం పనిది, తిరిగి ఇచ్చేయండి. పుల్ల పట్టుకుని చూడండి, చిటికెన వేలు నొప్పెడితే అది మీ చేతికి సరిపడదు. ముప్ఫై రెండూ వద్దు. నాలుగు చాలు."

పెట్టెలు టపటపా తెరుచుకున్నాయి. బస్సు డ్రైవరుకు నా పనిముట్లు ఇచ్చాను. ఆవిడ వేళ్లు తేలిగ్గా ఆనించి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, మైనాన్ని మెల్లగా తిప్పుతూ లోపలి గుండ్రం తీసింది. "వెలుతురుకు పెట్టి చూడండి, రంగు పల్చబడ్డచోట ఆపేయాలి," అన్నాను. సరిగ్గా అక్కడే ఆపింది. సాయంత్రమయ్యేసరికి అయిదుగురి ముందూ అయిదు ఉంగరాలున్నాయి. వంకరటింకరవే, కానీ ఒక్కటీ విరగలేదు. నాకు గంతులేయాలనిపించింది. ఈ గదిలో తొమ్మిదేళ్లుగా తుడిచింది, సర్దింది, చెక్కింది నేనే. నా గొంతు ఇంత పెద్దగా వినపడటం మాత్రం ఇదే మొదటిసారి.

వెళ్లేముందు బస్సు డ్రైవరు గుమ్మం దగ్గర ఆగింది. "వచ్చే ఆదివారం సార్ చెప్తారా, మీరా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.

"నేనే. మీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి, ఆయన కూడా నేర్చుకుంటారు."