వైదేహి కారునకు నాలుగు తీగలు

కార్తిక బహుళ పంచమినాటి యుదయమున గౌతమీజలపరిపుష్టములైన శాలికేదారములపై తుహినధవళయవనిక యింకను తొలగకుండగా, భానుబింబము పాలలో మునిగిన పసుపుముద్దవలె మందకాంతితో తోచుచుండగా, రామచంద్రపురమున లెక్కల యుపాధ్యాయుడైన గొర్తి సోమశేఖరముగారి భార్య వైదేహి నిద్రలోనే కన్నుమూసెను.

ముప్పదియేండ్లు చుట్టుపట్ల పల్లెలలో పురుళ్లు పోసిన యా వైద్యురాలు తన పాత ఫియటు కారును తానే నడుపుకొనెడిది, తానే బాగుచేసికొనెడిది. కావున నామె యస్థికలశమును కోటిపల్లి రేవునకు ఆ కారులోనే కొనిపోవలెనని సోమశేఖరముగారు నిశ్చయించుకొనిరి. కాని ప్రయాణమునకు ముందునాడు తాళము త్రిప్పగా నది రెండుమారులు దగ్గి యూరకుండెను. మూత యెత్తి చూడగా డిస్ట్రిబ్యూటరునుండి నాలుగు ప్లగ్గులకు నిప్పురవ్వను కొనిపోవు తీగల తొడుగులు బీటలువారి యుండెను. వానికి బదులుగా వైదేహి కొని తెచ్చిన క్రొత్తతీగలు నాలుగును పనిముట్ల పెట్టెలో విప్పని కట్టగనే యుండెను.

ఆమె తమ్ముడు నృసింహమూర్తి వాకిట నిలిచి, "టాక్సీ మాట్లాడేశాను బావగారూ. ఈ డొక్కుబండిని నమ్ముకుంటే రేవు చేరినట్టే!" అనెను.

"మీ అక్క టాక్సీ ఎక్కగా ఎప్పుడైనా చూశావా మూర్తీ? సాయంత్రం దాకా ఆగు."

అంతట సోమశేఖరముగారు నల్లబల్లమీది గీతలవలె మాటలను చేతలను సరిచూచుకొను తమ స్వభావమున కనుగుణముగా పాతతీగలు నాలుగింటిని ఒక్కసారిగా నూడదీసి గుడ్డపై వరుసగా పరచి, డిస్ట్రిబ్యూటరు మూతపై నొకటి రెండు మూడు నాలుగని చుట్టును లెక్కించుకొనుచు క్రొత్తవానిని మిక్కిలి శ్రద్ధతో బిగించిరి. తాళము త్రిప్పిరి. కారు తుపాకివలె ప్రేలెను. ప్రహరిమీది కాకు లెగిరిపోయెను.

ఆ చప్పుడునకు ఎదుటి షెడ్డునుండి మెకానిక్కు దస్తగిరి చేయి తుడుచుకొనుచు వచ్చి, లోనికి తొంగిచూచి పెదవి బిగబట్టెను.

"ఏవండీ మాస్టారూ, హాజరుపట్టీ చూసి పెట్టారేటండీ తీగలు?"

"వరుసలోనే పెట్టానే!"

"పిల్లోళ్లైతే వరసగా పలుకుతారండి, ఇంజను పలకదండి. ఒకటి తరవాత మూడు, ఆపైన నాలుగు, ఆఖర్న రెండు. అందుకే అమ్మగారు ఒకటి ఊడదీసి ఒకటి పెట్టేవోరు. నాలుగూ ఒక్కసారి పీకేవోరు కాదండి."

భార్యకంటె తొమ్మిదేండ్లు పెద్దవారగుటచే తామే ముందు పోవుదుమని యెన్నడో లెక్కగట్టి, యామెకు కావలసిన కాగితములన్నియు సిద్ధపరచి యుంచిన సోమశేఖరముగారు ఆ తీగల నొక్కొక్కటిగా వ్రేలితో తాకి చూచిరి. దస్తగిరి చేయి చాపగా, "నువ్వు చెప్పు చాలు. నేను పెడతాను," అనిరి.

మొదటి తీగ కదలలేదు. తక్కిన మూడును స్థానములు మారెను. మరల తాళము త్రిప్పినంతనే యంత్రము రవంత తడబడి, పిదప సుఖనిద్రితుని యుచ్ఛ్వాసమువలె సమముగా మ్రోయసాగెను. నృసింహమూర్తి కండ్లు తుడుచుకొని, "ఆ టాక్సీవాడికి వద్దని చెప్పొస్తాను బావా," అని మెల్లగా వీధివైపు నడచెను.

"రేపు నేను తోల్తానండి," అనెను దస్తగిరి. "ఆ తరవాత ఎవరండీ?"

"నేనే. నేర్పుతావా?"

"ఎందుకు నేర్పనండీ? కానీ తప్పు తొక్కితే గోడకుర్చీ వేయిస్తానండోయ్."

వైదేహి పోయిన యెనిమిది దినములకు తొలిసారిగా సోమశేఖరముగారి పెదవులపై చిరునవ్వు పొడసూపెను.

మరునాడు కారు ఎచ్చటను ఆగక కోటిపల్లి చేరెను. అస్థికలు గోదావరిలో కలిసెను. ఇది జరిగి నాలుగు నెలలైనది. ప్రతి యాదివారమును దస్తగిరి వచ్చి, నేర్పెద రండని పిలుచుచునే యున్నాడు. సోమశేఖరముగారు ప్రక్కసీటులో కూర్చుండి యూరు చుట్టివచ్చుచున్నారు. నడుపువారి సీటులో ఇంకను కూర్చుండలేదు.