ఆరో డబ్బా

ఇక్బాలున్నీసా బర్గర్ల వ్యాపారాన్ని డబ్బాలతో కొలుస్తుంది. దుకాణాలెన్ని అని ఎవరైనా అడిగితే, "ఆరు డబ్బాలు" అంటుంది. బార్కస్‌లో ఆమె ఇంటి మెట్ల మీద పొద్దున్నే వరుసగా నిలబడే ఆరు స్టీలు డబ్బాలవి. ఒక్కో దానిలో ఆ రోజుకు సరిపడా మసాలా ఉంటుంది. షాజీరా, కబాబ్‌చీనీ, యాలకులు, దాల్చిన చెక్క, ఇంకా ఆమె ఎవరికీ చెప్పని రెండు దినుసులు. ఏ రోజుది ఆ రోజే దంచాలి.

మొదట డబ్బా ఒక్కటే. అది భర్త దస్తగీర్ కబాబు బండికి వెళ్ళేది. పప్పు, ఖీమా కలిపి రుబ్బి, నడుమ పెరుగూ ఉల్లిపాయా పెట్టి పెనం మీద కాల్చే షికంపూర్ కబాబు అతని చేతిలో బాగా కుదిరేది. ఇరవై ఏళ్ళ కిందట ఒక సాయంత్రం రోటీలు అయిపోయాయి, జనం కదలలేదు. ఇక్బాలున్నీసా పక్క బేకరీ నుంచి పాలబన్ను తెచ్చి, నడిమికి కోసి, పెనం మీది నెయ్యిలో అద్ది, కబాబును మధ్యలో పెట్టి ఇచ్చింది. కాలేజీ పోరగాళ్ళు దాన్ని ఇక్బాల్ బర్గర్ అన్నారు. ఆమె కాదనలేదు. గిరాకీ ఏ పేరుతో అడిగితే అదే పేరు.

దస్తగీర్ పోయాక ఒక ఏడాది ఆమె దుకాణాలకు మసాలాను పనివాడి చేత పంపింది. వాడు దారిలో సగం తీసేసి చవక కారం కలిపాడు. ఆ సంగతి తెలిసేలోపు సగం గిరాకీ పోయింది. అప్పటి నుంచి ఆమెది ఒకటే కట్టుబాటు. దుకాణం ఎవరిదో వాళ్ళే పొద్దున ఆరింటికి తన మెట్ల దగ్గరికి రావాలి. నిన్నటి ఖాళీ డబ్బా, దాని డబ్బులూ ఇచ్చి, ఇవాళ్టి నిండు డబ్బా తీసుకోవాలి. జ్వరమొస్తే ఆ రోజు దుకాణం బంద్. ఖాళీ డబ్బాను ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. అడుగున నిన్నటి మసాలా మిగిలితే ఎదుటే మోరీలో దులిపేస్తుంది. ఆ తర్వాత సాసర్లో చాయ్, నాలుగు మాటలు. ఎవరి పెనం మందగించింది, ఎవరి పనివాడు చేతివాటం చూపిస్తున్నాడు అన్నవన్నీ ఆమెకు ఆ మెట్ల మీదే తెలుస్తాయి.

తన పెనం దగ్గర మూడేళ్ళు నిలబడిన వాళ్ళకే ఆమె కొత్త దుకాణం ఇచ్చింది. ఛత్రినాకలో నాగమణమ్మ, చాంద్రాయణగుట్టలో తారిక్, మిగతా మూడు చోట్లా అలాంటి వాళ్ళే. అందరికంటే చివర మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్కన శ్రవణ్‌కుమార్. అది ఆరో డబ్బా. శ్రావణ మాసంలో ఛత్రినాకలో ముక్క ముట్టని ఇళ్ళే ఎక్కువ. నాగమణమ్మ ఆ నెలంతా ఖీమా పెనాన్ని బోర్లించి గోడకు తగిలించి, వేరే పెనం మీద అదే మసాలాతో ఆలుగడ్డ టిక్కీ వేస్తుంది. రంజాన్‌లో తారిక్ పగలంతా తలుపు తీయడు. ఎవరి వీధి లెక్క వాళ్ళది. ఇక్బాలున్నీసా ఏ ఒక్కరితోనూ కాగితం రాయించుకోలేదు.

ఆ సంగతి గచ్చిబౌలిలో హోటళ్ళ గొలుసు నడిపే ఒక కంపెనీకి తెలిసింది.

కంపెనీ తరఫున విశ్వేశ్వర్ అనే మనిషి వచ్చాడు. బూట్లు మెట్ల కింద విప్పి, ఆమె ఇచ్చిన చాయ్ తాగి, మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, మీ పేరుతో వంద స్టోర్లు పెడతాం. అన్ని చోట్లా ఒకే మెనూ, ఏడాదంతా ఒకే టైమింగ్. మసాలా ఫ్యాక్టరీలో ఒకేసారి చేసి ప్యాకెట్లలో వేస్తే ఆరు నెలలు నిల్వ ఉంటుంది. మీరు తెల్లారుజామున దంచుకునే బాధ తప్పుతుంది."

"దంచుడు బాధ అని నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

"ఈ వయసులో..."

"నా వయసు నా మోకాళ్ళకు తెలుసు. ప్యాకెట్ల పండుకున్న మసాలా నేను అమ్మను. నక్కో, వద్దు."

విశ్వేశ్వర్ కప్పు కింద పెట్టాడు. "ఒక్క మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. ఆ ఆరు దుకాణాల్లో ఒక్కటి కూడా కాగితం మీద మీది కాదు. మీరు వద్దంటే వాళ్ళతో విడివిడిగా మాట్లాడతాం. సోమవారం దాకా చూస్తాను."

"మాట్లాడు. సోమవారం పొద్దున ఆరింటికి నువ్వు గూడ రా. ఎవరొస్తరో చూద్దువు. చాయ్ తాగి పోదువు."

అతను వెళ్ళాక కూతురు మాహిరా తల పట్టుకుంది. దస్తగీర్ పాత బండి పోయాక కొన్న బార్కస్ బండిని, ఆరు డబ్బాల లెక్కలోకి రానిదాన్ని, ఇప్పుడు నడిపేది ఆమే. "అమ్మీ, కాగితం రాయించు, రాయించు అని ఎన్ని సార్లు మొత్తుకున్న! ఇప్పుడు చూడు, మన చేతిల ఏమున్నది?"

"కాగితం మీద ఒక్కసారి సంతకం పెడ్తరు, మర్చిపోతరు. వాళ్ళు నాకు రోజు పొద్దున్నే పెడ్తున్నరు కదనే."

"రాకపోతే?"

ఇక్బాలున్నీసా ఖాళీ చాయ్ కప్పు ఎత్తి కడగడానికి లేచింది. ఆమెదీ అదే ప్రశ్న. ఇరవై ఏళ్ళు తాను కట్టింది వ్యాపారమా, వట్టి అలవాటా? సోమవారం తేలిపోతుంది. ఆరుగురూ రాకపోతే ఆమె చేతిలో మిగిలేది ఒక్క బండి.

సోమవారం ఫజర్ నమాజు కాగానే ఆరు డబ్బాలూ నింపి మెట్ల మీద పెట్టింది. ఆరు గంటలకు ఆటో ఆగీ ఆగకముందే నాగమణమ్మ గొంతు వినిపించింది.

"వాని నోట్ల మన్ను వడ! శ్రావణమాసంల గూడ ఖీమానే అమ్మాలెనంట, రూలంట! మా గల్లీల నా ఇజ్జత్ తీస్తవారా అన్న. పెనం తిరగేసి చూపిచ్చిన. ఉరికిండు."

తర్వాత తారిక్ స్కూటర్ మీద వచ్చాడు. "ఖాలా, నాకైతే ఏసీ పెట్టిస్తరంట. పెనం ముందట ఏసీ ఏంది భాయ్, నేను కబాబునా, ఐస్‌క్రీమునా అన్న." అందరూ నవ్వారు. మిగతా ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. అయిదు ఖాళీ డబ్బాలు లోపలికి, అయిదు నిండు డబ్బాలు బయటికి వెళ్ళాయి.

విశ్వేశ్వర్ రాలేదు. శ్రవణ్‌కుమారూ రాలేదు.

ఆరున్నర అయింది. ఎవరూ మెట్ల మీద మిగిలిన ఆరో డబ్బా వైపు చూడటం లేదు. మాహిరా ఫోన్ తీసింది. ఇక్బాలున్నీసా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "వచ్చెటోడు ఫోన్ చెయ్యకున్నా వస్తడు. తారిక్, నీ కాడ ట్రాలీ ఆటో ఉన్నది కద? తెప్పియ్యి."

"ఎందుకు ఖాలా?"

"మీ చిచ్చా బండి ఎక్కియ్యనీకి."

దస్తగీర్ పాత బండి వాకిట్లో ఓ మూల కోళ్ళకు గూడైపోయింది. కోళ్ళను తోలి, కడిగి, తోమి, చక్రాలకు నూనె పోసేసరికి పది దాటింది. మధ్యాహ్నానికల్లా ఆ బండి మాదన్నపేటలో శ్రవణ్‌కుమార్ దుకాణానికి సరిగ్గా ఎదురుగా నిలబడింది. దుకాణంలో కంపెనీ వాళ్ళు గోడలకు ఎర్ర రంగు వేయిస్తున్నారు. ఇక్బాలున్నీసా బుర్ఖా చేతులు పైకి మడిచి, అరవై ఏళ్ళ వయసులో పెనం ముందు నిలబడింది.

శ్రవణ్‌కుమార్ రోడ్డు దాటి వచ్చాడు. ముఖం ఎత్తలేకపోయాడు.

"ఖాలా, గిట్ల చేస్తవా?"

"నేనేం జేసిన్రా? బండి పెట్టుకున్న."

"నెలనెలా జీతం ఇస్తమన్నరు. తొమ్మిదింటికి వస్తే చాలన్నరు. నాలుగేండ్ల నుంచి అయిదింటికి లేస్తున్న ఖాలా. నిద్ర చాలక చస్తున్న."

"గదే మాట మెట్ల మీద చెప్తే నేను తిట్టేదాన్ని, తర్వాత ఒక తొవ్వ చూసేదాన్ని. నువ్వు చెప్పకుండ బంద్ చేసినవ్. జరుగు, గిరాకీకి అడ్డమొస్తున్నవ్."

సాయంత్రం విశ్వేశ్వర్ వచ్చాడు. ఈసారి బూట్లు విప్పాల్సిన పని లేదు. "మేడమ్, ఇక్బాల్ బర్గర్ అనే పేరుకు మేము దరఖాస్తు పెట్టేశాం. మీరు వాడకూడదు."

"నా పేరు నీ పేరు మీద రాయించుకుంటున్నవా? మరి రేషన్ కార్డుల గూడ నిన్ను ఎక్కియ్యాల్నా బిడ్డా? బియ్యం తెచ్చిపెడ్తవా?"

టమాటాలమ్మే లీలమ్మ పక్కనే బుట్ట మీద కూర్చుని పగలబడి నవ్వింది. విశ్వేశ్వర్ చుట్టూ చూశాడు. బండికి ఏ బోర్డూ లేదు. ఒక రేకు, ఒక పెనం, ఒక మనిషి. ఏ పేరు తీసేయించాలో అతనికి తోచలేదు.

"ఎన్ని రోజులు నిలబడతారు ఇట్లా?"

"నువ్వు గోడకు రంగేసుకో. నా రోజులు నేను చూసుకుంట."

రెండో రోజూ నిలబడింది. మూడో రోజు మోకాళ్ళు వాచాయి. లీలమ్మ తన పీట తెచ్చి ఇచ్చింది. కూర్చుని కాల్చింది. పొద్దున మెట్ల మీద మాత్రం రోజూ ఆరు డబ్బాలే పెట్టేది. ఆరుంబావు దాకా చూసి, ఆరో దాన్ని చంకన పెట్టుకుని తానే బయల్దేరేది. "వాడు రాడమ్మీ" అని మాహిరా అంటే, "రాకుంటే నాకు మాదన్నపేటల బండి ఉన్నది" అనేది.

ఎర్ర గోడల దుకాణం తెరిచాక కూడా గిరాకీ బండి దగ్గరే వరుస కట్టింది. తొమ్మిదో రోజు సాయంత్రం వరుసలో ఎవరో గొణుగుతుంటే ఇక్బాలున్నీసా తల ఎత్తింది. ఆరో మనిషిగా శ్రవణ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ డబ్బా. అందరినీ దాటి ముందుకు రాబోయాడు.

"లైన్ల రా" అంది ఆమె.

నిలబడ్డాడు. వంతు వచ్చింది.

"సంతకం పెట్టిన ఖాలా."

"తెలుసు."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఎవరికి పెట్టినవో గాయననే అడుగు. లొల్లి పెట్టుకుంటవో, బతిమాలుకుంటవో, అది నీ పని. నా కాడ డబ్బా ఉన్నది. పొద్దున ఆరింటికి మెట్ల మీద ఉంటది. ఆరుంబావుకు నేను ఎత్తుకొస్త. నువ్వొచ్చినా రాకున్నా మాదన్నపేటల పెనం చల్లారది."

అతని చేతిలోంచి ఖాళీ డబ్బా తీసుకుని, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అడుగున తొమ్మిది రోజుల నాటి మసాలా పలచగా పట్టుకుని ఉంది. మూతి తిప్పి, మోరీ మీద రెండు సార్లు గట్టిగా దులిపింది. డబ్బాను బండి కింద పెట్టి, అట్లకాడతో పెనం అంచు మీద టంగుమని కొట్టింది.

"తర్వాత ఎవరు?"