మరిదికి కాలు నిలవని రోజు

విహారయాత్రకని ఓడ ఎక్కిన దగ్గర్నుంచీ మరిది వాలకం వదినకు నచ్చలేదు.

ఇరవై ఏళ్లుగా సొంత లాండ్రీ నడుపుతున్న మనిషి ఆమె. ఎదుటివాళ్ల మొహం కంటే ముందు చొక్కా చేతుల అంచులు చూస్తుంది. పెళ్లికి ముందు మరిది ఎనిమిదేళ్లు ఓడల్లో ఆఫీసరుగా పనిచేశాడని ఇంటిల్లిపాదికీ గొప్ప. అలాంటివాడు ఈ ఓడ గురించి ఏం అడిగినా నీళ్లు నములుతున్నాడు. భోజనాల హాల్లో కూడా నల్లకళ్లద్దాలు తీయడు. పొద్దున వడ్డించే పెద్దాయన అతన్ని చూసి నవ్వుతూ ఏదో అనబోతే తల అడ్డంగా ఊపి వారించాడు. ఆ తర్వాత కాఫీ కప్పు కింద నుంచి మడత కాగితం ఒకటి మరిది జేబులోకి వెళ్లడం ఆమె కంటబడింది.

ఆ రోజు ఓడ ఎక్కడా ఆగదు. నలుగురూ పైఅంతస్తులో పడక కుర్చీలు వేసుకున్నారు. ఆమె భర్త మొహం మీద టోపీ బోర్లించుకున్నాడు. తోడికోడలు గోళ్లకు రంగు వేసుకుంటోంది. మరిదికి మాత్రం కాలు నిలవలేదు. "గాలి ఎటు వీస్తోందో చూసొస్తా" అని వెళ్లినవాడు గంటకు తిరిగొచ్చాడు. వేళ్ల కొనలు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి.

"ఈత కొట్టావా?" అంది వదిన.

"అవును వదినా."

"జుట్టు తడవకుండానే?"

అతను నవ్వేసి మొహం తిప్పుకున్నాడు. 

"వీడెవర్నో కలుస్తున్నాడు," అని ఆమె భర్త చెవిలో ఊదింది.

"మనకు సెలవు దొరికినా నీ అనుమానాలకు దొరకదా?" అన్నాడాయన టోపీ తీయకుండానే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది మళ్లీ లేచాడు. ఈసారి ఆమె కూడా లేచింది. అతను నాలుగు అంతస్తులు దిగి, తివాచీ లేని ఇరుకు నడవాలోకి తిరిగి, సిబ్బందికి మాత్రమే అని రాసున్న తలుపు తట్టాడు. ఏప్రన్ కట్టుకున్న ఒక ఆడమనిషి తలుపు తీసి, చనువుగా చెయ్యిపట్టి లోపలికి లాగింది. పొద్దున తీరిగ్గా గోళ్లకు రంగు వేసుకున్న తోడికోడలు కళ్లముందు మెదిలింది. కాసేపు గోడకానుకుని నిలబడి, ఇక ఆగలేక తలుపు తోసింది.

ఆవిరి మొహానికి కొట్టింది. బట్టలుతికే పెద్ద పెద్ద మిషన్లు, గుట్టలుగా దుప్పట్లు. ఒక దుప్పటికి ఆ చివర ఏప్రన్ ఆమె, ఈ చివర మరిది. ఇద్దరూ మాటల్లో ఉండగానే, చూడకుండానే, దుప్పటి మూడు మడతల్లో పలకలా తయారైంది. సరదాకి వచ్చినవాళ్లకు పట్టుబడే మడత కాదది. వదిన దుకాణంలో అది ఇద్దరికి నేర్పడానికి ఏడాది పట్టింది.

మరిది వదినను చూసి దుప్పటి వదిలేశాడు.

"ఎనిమిదేళ్లూ ఇక్కడేనా?" అంది వదిన.

"ఇక్కడే. ఈ అక్క నాకు పని నేర్పింది. వచ్చే నెల మానేస్తోందట, ఒకసారి రమ్మని పొద్దున చీటీ పంపింది." అతని గొంతు తగ్గింది. "పెళ్లిచూపుల్లో ఆఫీసరన్నాను వదినా. తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు కూడా చెప్పకు."

"నేను చెప్పను. నీ పెళ్లాం అడిగితే మాత్రం అబద్ధమాడను. లాండ్రీ పని అంత చెప్పుకోలేనిదా? మరి నేనేం చేస్తున్నాను?"

అతను వదిలేసిన దుప్పటి తీసి మళ్లీ మడతపెట్టసాగాడు.

సాయంత్రం టీ తాగుతుంటే తోడికోడలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏంటక్కా, ఇద్దరూ ఒకేసారి మాయమయ్యారు?"

వదిన మరిది వైపు చూసింది. మరిది కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. తడబడుతూనే అంతా చెప్పాడు.

"మనింటి హాల్లో ఫోటోలో మీరు వేసుకున్న తెల్లబట్టలు ఎవరివి?" అని మాత్రం అడిగింది భార్య.

"ఎవరో ఆఫీసరువి. ఇస్త్రీకి వచ్చాయి."

ఆమె లేచి ఓడ అంచున రెయిలింగ్ దగ్గర అరగంట ఒక్కతే నిలబడింది. దగ్గరికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. తిరిగొచ్చినా కుర్చీలో కూర్చోలేదు.

"ఆ గది చూపించండి. ఇంకేం దాచారో నేనే చూసుకుంటా."

మరిది ముందు నడిచాడు. ఆమె నాలుగడుగుల వెనక, చేతులు కట్టుకుని. వదిన కూడా లేవబోయింది. భర్త ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఈసారి కూర్చో," అన్నాడు.